జాడీ మీద తేదీ లేదు

ఒంగోలు, అద్దంకి, నరసరావుపేట వైపు పాత ఊళ్లలో మోతుబరి రైతు ఆస్తి కొంత నేల కింద ఉండేది. బంగారం కాదు, జొన్నలు. నీరు ఊరని మెరక చూసి పాతర తవ్వేవాళ్లు. మూతి దగ్గర మనిషి దిగేంత ఇరుకు, లోపలికి పోయేకొద్దీ కుండ కడుపులా వెడల్పు. అడుగునా, గోడల చుట్టూ గడ్డి దట్టంగా పరిచి, పంటి కింద పటుక్కుమనేలా ఎండిన జొన్నలు పోసి, మళ్లీ గడ్డి కప్పి, పైన మట్టి మెత్తేవాళ్లు. ఇక లోపల గాలి ఆడదు. గింజలూ, వాటితో చేరిన పురుగూ కలిసి ఉన్న కాస్త ప్రాణవాయువునూ వాడేసుకుంటాయి. దాని చోట చేరేది బొగ్గుపులుసు వాయువు. అందులో పురుగు బతకదు. మనిషీ బతకడు. అందుకే పాతర తీసిన వెంటనే దిగడం ఉండేది కాదు. మూత తీసి, చాలాసేపు గాలి పోనిచ్చి, దీపం దించి చూసి, అది ఆరకుండా వెలిగితేనే మనిషి దిగేది.

ఏడాది దాటి నిల్వ ఉన్న ఆ జొన్నలు తినడానికి పనికొస్తాయో లేదో ఏ చీటీ మీదా రాసి ఉండదు. పిడికెడు తీసి వాసన చూసేవాళ్లు. నాలుగు గింజలు కొరికేవాళ్లు. గోడవారన రంగు మారి ముక్కిపోయినవాటిని విడిగా తీసేవాళ్లు. తక్కినవి ఎండలో పోస్తే పాతర వాసన సగం పోయేది. మిగతా సగంతోనే సంకటి.

దీని వెనక ఉన్నది పొదుపు గుణం అనుకోవడానికి లేదు. భయం. 1832లో, నందన నామ సంవత్సరంలో, వానలు మొహం చాటేశాయి. ఏడాది తిరిగేసరికి గుంటూరు జిల్లా వల్లకాడైంది. దొరల కాగితాల్లో అది గుంటూరు కరువు, జనం నోట డొక్కల కరువు. అప్పటి జిల్లా జనాభా సుమారు ఐదు లక్షలు. పోయినవాళ్లు లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా ఉంటారని ఆ శతాబ్దపు అంచనాలు. బెజవాడ దగ్గర కృష్ణకు 1855 నాటికి ఆనకట్ట కట్టించిన కారణాల్లో ఈ చావులూ ఉన్నాయి. దాంతో డెల్టాకు నీళ్లొచ్చాయి గానీ మెట్టకు రాలేదు. వినుకొండ, దర్శి, కనిగిరి వైపు మరో నూరేళ్లు మబ్బుకేసే చూశారు. అలాంటి చోట తిండి పారేయడం ఎవరి ఊహకూ అందేది కాదు.

ఇంట్లోకి వస్తే నిల్వ భారం ఆడవాళ్లది. దానికి అదను ఎండాకాలం. పండుమిరప సంగతే చూడండి. కాయలు కడిగి, తడి లేకుండా గుడ్డ మీద ఆరబెట్టి, తొడిమలు తీసి, ఉప్పూ చింతపండూ వేసి రోట్లో తొక్కి జాడీకెత్తుతారు. కానీ జాడీలోకి వెళ్లేది పచ్చడి కాదు, పచ్చడికి ముడిసరుకు. వెల్లుల్లి, మెంతిపిండి, తిరగమోత అన్నీ తినే పూట, తినేంత మేరకే. కావలసినంత తీసుకుని, తక్కినదానికి మళ్లీ వాసెన కట్టి అటకెక్కించేవాళ్లు. జాడీలో తడి గరిటె పెట్టిన కోడలికి ఆ పూట మూడినట్టే. ఆ కోపం చాదస్తం కాదు. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది, చింతపండు పులుపు సూక్ష్మజీవుల్ని ఎదగనివ్వదు. ఆవకాయకైతే పైన తేలే నూనె గాలిని అడ్డుకుంటుంది. ఒక్క తడి గరిటె చాలు, బూజుకు దారి దొరకడానికి. ఇక ఉప్పంటే చినగంజాం కొఠార్ల కళ్లుప్పే. ఒంగోలు దగ్గర దేవరంపాడు 1930 నాటి ఉప్పు సత్యాగ్రహంలో పేరుకెక్కింది. ఆ రోజుల్లో ఈ ఇళ్లకు ఉప్పు పన్నంటే ఊరగాయ మీద పన్నే మరి.

కందులకు ఎర్రమన్ను పట్టించడం, కందిపప్పుకు ఆముదం రాయడం, బియ్యంలో వేపాకు వేయడం అందరికీ తెలిసినవే. మిగిలిన అన్నంలో నీళ్లూ కాస్త మజ్జిగా పోసి పొద్దున చద్దన్నంగా పెట్టేవాళ్లు. ఇంకా మిగిలితే వడియాలు. పులిసిపోయిన మజ్జిగ పులుసులోకి పోయేది. వీటన్నిటినీ దాటుకుని వచ్చినదానికి కుడితి గోలెం ఉంది. బియ్యం కడిగిన నీళ్లు, కూరల తొక్కలు, గంజి, కంచంలో మిగిలిన మెతుకులు అన్నీ బర్రె తాగి పాలిచ్చేది. పాత ఇళ్లలో వృథా లేదని పొగిడేవాళ్లు ఈ బర్రెను మరిచిపోతారు. ఇంట్లో పశువు లేకుండా పోయిన రోజునే మిగిలిన తిండి చెత్తయింది.

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ కింద జొన్న చేలు మాగాణులయ్యాయి. కాలువ అందని నల్లరేగళ్లలో పత్తి, మిరప, పొగాకు విస్తరించాయి. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక మెట్ట ఊళ్లలోనూ వరి అన్నం మూడు పూటల తిండైంది. పాతర్లు పూడ్చేశారు. పత్తి పండించే రైతు గాదె నింపుకోలేడు. పత్తి తినడానికి పనికిరాదు. పంట డబ్బుగా మారుతుంది, డబ్బు సంతలోనో కొట్లోనో సరుకుగా మారుతుంది. కొట్లో సరుకు మొదట పొట్లాల్లో వచ్చింది, తరవాత పాకెట్లలో. వడ్లమూడిలో సంగం డెయిరీ పెట్టింది 1970ల చివర. ఆ తరవాత పట్నాల్లో పాలు కూడా పాకెట్టులోకి చేరాయి. పాకెట్టు మీద తేదీ వచ్చింది.

ఆ తేదీ వంటింటి కోసం పుట్టలేదు. కల్తీ మీద మద్రాసు రాష్ట్రంలో 1918లోనే చట్టం ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక 1954లో దేశమంతటికీ మరో చట్టం చేశారు. వాటి చూపంతా పాలలో నీళ్ల మీద, కారంలో ఇటుకపొడి మీద. తూనికలు, కొలతల చట్టం కింద 1977లో వచ్చిన నిబంధనలు పాకెట్టు మీద తూకం, ధరతో పాటు సరుకు తయారైన నెల, సంవత్సరం కూడా వేయాలన్నాయి. కొనేవాడికి పాత సరుకు అంటగట్టకుండా చూడటం దాని ఉద్దేశం. బ్రిటన్‌లోనూ కథ దుకాణం నుంచే మొదలైంది. మార్క్స్ అండ్ స్పెన్సర్ తన గోదాముల్లో సిబ్బంది కోసం వేసుకున్న తేదీలను 1970లలో కొనేవాళ్ల కళ్ల ముందుకు తెచ్చింది. అమెరికాలో చంటిపిల్లల పాలపొడికి తప్ప మరే తిండికీ కేంద్ర చట్టం ఈనాటికీ తేదీ అడగదు. మిగతాదంతా రాష్ట్రాల ఇష్టం, కంపెనీల ఇష్టం.

మన దగ్గర 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, దాని కింద ఏర్పడిన నియంత్రణ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రెండు రకాల తేదీలను విడదీసి చెప్పాయి. మొదటిది బెస్ట్ బిఫోర్. ఆ రోజు దాకా సరుకు తన రుచి, రంగు, కరకరలతో ఉంటుందని తయారీదారు ఇచ్చే హామీ అది. ఆ తరవాత నాణ్యత తగ్గినా, చెప్పిన పద్ధతిలో దాచి ఉంటే తినడానికి క్షేమంగానే ఉండవచ్చని నిబంధనలోనే ఉంది. రెండోది యూజ్ బై, అంటే ఎక్స్‌పైరీ. ఆ రోజు దాటితే నాణ్యతకీ భద్రతకీ భరోసా లేదు, అమ్మకూడదు. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు 2020 నాటి లేబుల్ నిబంధనలతో వచ్చింది. పంచదార, వినెగర్ లాంటి కొన్నిటిని మినహాయిస్తే దాదాపు ప్రతి పాకెట్టు మీదా ఎక్స్‌పైరీ తప్పనిసరి. బెస్ట్ బిఫోర్ వేయడం కంపెనీ ఇష్టం. అంటే తొందరగా చెడే పనీరుకీ, నెలలు నిలిచే బిస్కెట్టుకీ ఒకే మాట. వినియోగదారుకు తికమక ఉండకూడదనే ఇలా చేసి ఉంటారు. నా మటుకు నాకు, తికమకతో పాటు తేడా కూడా పోయిందనిపిస్తుంది.

తేడా ఎక్కడో తెలియాలంటే కారం పాకెట్టునే తీసుకోండి. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిరప బస్తాలు) వచ్చేది ముఖ్యంగా జనవరి నుంచి మే దాకా. ధర కోసం ఆగే రైతు, వ్యాపారి సరుకును కోల్డ్ స్టోరేజీకి పంపుతారు. గుంటూరు చుట్టుపక్కల అవి వందకు పైనే ఉన్నాయి. మామూలు గోదాములో పెడితే కాయ చెడదు, రంగు పోతుంది. ఎరుపునిచ్చే పదార్థం వెలుతురుకూ వేడికీ గాలికీ కరిగిపోతుంది. యార్డులో ధర పలికేది రంగుకు, ఘాటుకు, కాబట్టి ఆ రంగుకే ఇన్ని చల్లని గోదాములు. కారం పొడి పాకెట్టు మీది తేదీ కూడా ప్రధానంగా ఈ రంగూ ఘాటూ గురించే చెబుతుంది. తేదీ దాటిన పదో రోజున పొడి గడ్డకట్టకుండా, ముక్క వాసన లేకుండా, పురుగు పట్టకుండా ఉంటే అది విషం కాలేదు. కూరలో అర చెంచా ఎక్కువ పడుతుంది, అంతే. పప్పులు, పిండి, అటుకులు, బిస్కెట్ల సంగతీ దాదాపు ఇంతే. పాలు, పనీరు, చల్లబరచి అమ్మే మాంసం, చేప అలా కాదు. అక్కడ తేదీని దాటకూడదు. తేదీ లోపలైనా పాకెట్టు ఉబ్బిందంటే బయట పారేయాల్సిందే. ఫ్రిజ్ బయట రెండు పూటలున్న పాల పాకెట్టుకు దాని మీది తేదీ వర్తించదు. ఆ అంకె దాచే పద్ధతికి కట్టుబడి ఉంటుంది, పక్కనే చిన్న అక్షరాల్లో ఆ పద్ధతీ రాసి ఉంటుంది.

అలాగని ముక్కునూ నాలుకనూ పూర్తిగా నమ్మి తేదీలను కొట్టిపారేసే పెద్దవాళ్లతోనూ పేచీ ఉంది. మిరప కల్లంలో కాయ నేల మీద ఎండుతున్నప్పుడు రాత్రి మంచు పడినా, అకాల వానకు పట్టలు కప్పడం ఆలస్యమైనా కొన్ని కాయలు తెల్లబడి తాలు అవుతాయి. కూలీలు వాటిని ఏరి వేరే కుప్ప పోస్తారు. అవి తక్కువ ధరకు అమ్ముడవుతాయి. తడి తగిలిన కాయలో కంటికి కనబడకుండా బూజు చేరి ఉండవచ్చు. కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషం చిమ్ముతాయి. దాన్ని ప్రపంచం గుర్తించింది 1960లో, ఇంగ్లండ్‌లో వేరుశనగ చెక్క తిన్న లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చాక. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు జిల్లాల్లో వానకు తడిసిన మొక్కజొన్న తిని వంద మందికి పైగా చనిపోయారు. ఆ విషానికి రంగు లేదు, వాసన లేదు, మామూలు వంట వేడికి అది పోదు. ఐరోపా దేశాలు మన మిరపను ఈ విషం కోసం పరీక్షిస్తాయి. కిలోలో మొత్తం 10 మైక్రోగ్రాములు దాటితే సరుకు తిరుగుటపా. కాబట్టి బూజు పట్టిన వేరుశనగలనూ ఎండుమిర్చినీ కడిగి ఎండబెట్టి వాడటం పొదుపు కాదు. ఈ విషయంలో అమ్మమ్మ ముక్కు పనిచేయదు. తేదీ కూడా పనిచేయదు, ఎందుకంటే పొడి ఆడించకముందే విషం కాయలో చేరి ఉంటుంది.

పడమటి దేశాల వాళ్లు ఇప్పుడు వేసిన తేదీలను చెరిపే పనిలో పడ్డారు. 2022లో మార్క్స్ అండ్ స్పెన్సరే 300కు పైగా రకాల పండ్లు, కూరగాయల మీద బెస్ట్ బిఫోర్ తీసేసింది. కాలిఫోర్నియా 2024లో చేసిన చట్టం ప్రకారం కొనేవాళ్లకు కనబడేలా సెల్ బై (కొట్టువాడు అమ్మాల్సిన గడువు) వేయడం 2026 జూలై నుంచి కుదరదు. మనమేమో కొత్త తేదీలు చేర్చుకుంటున్నాం. 2020 అక్టోబరు నుంచి మిఠాయి కొట్లో విడిగా అమ్మే లడ్డూ పళ్లేనికీ ఎన్నాళ్లలోపు తినాలో రాసి పెట్టాలి. ఇది మంచి నియమమే. పాల కోవా ఏ రోజుదని అడిగితే చిరాకుపడే కొట్లున్న చోట అది అవసరం కూడా.

కానీ ఈ తేదీల గొడవంతా పాకెట్టు సరుకుకే. మన ఇళ్లలో పారేసే తిండిలో పాకెట్టు సరుకు వాటా ఎంతని? ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన తిండి 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్ల నుంచే. మన దేశంలో తలకు ఏటా 55 కిలోలని అంచనా. తొక్కలు, గింజలు, ఎముకలు కూడా ఆ లెక్కలోనే ఉన్నాయి. అయినా మన వంటింటి గిన్నెల్లో మిగిలేది ఏమిటో ఎవరికి తెలియదు? రాత్రి అన్నం, నిన్నటి సాంబారు, వాడిపోయిన కొత్తిమీర కట్ట. వీటి మీద ఏ కంపెనీ తేదీ వేయదు.

రాత్రి అన్నం విషయంలో చద్దన్నం పేరు చెప్పి గిన్నెను గట్టు మీద వదిలేయడం కూడా తగదు. వండినా చావని బాసిల్లస్ అనే సూక్ష్మజీవి బీజాలు బియ్యంలో ఉంటాయి. గోరువెచ్చగా గంటల తరబడి ఉన్న అన్నంలో అవి మొలిచి విషం చేస్తాయి, తిరిగి వేడిచేసినా ఆ విషం పోదు. పాత పద్ధతిలో అన్నం మజ్జిగ నీళ్లలో పులిసి పుల్లబడేది. ఆ పులుపే దాని కాపలా. నీళ్లు పోయకుండా మూతపెట్టి ఉంచిన అన్నానికి ఆ కాపలా లేదు. పులిహోర కలుపుకోవాలనుకుంటే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడే వాడేయాలి.

అసలు మిగలకుండా ఉండాలంటే కొలత దగ్గరికే పోవాలి. వెనకటి ఇళ్లలో ఎసట్లో బియ్యం సోలతోనో తవ్వతోనో కొలిచి పోసేవాళ్లు. తినేవాళ్లు ఎంతమందో పొద్దున్నే ఒకసారి లెక్కపెట్టుకునేవాళ్లు. పత్తి చేలో కూలికి వెళ్లే ఇంట్లో మనిషి తినే అన్నం ఎక్కువ, కాబట్టి కొలతా పెద్దదే. ఇప్పుడు చాలా ఇళ్లలో కొలత ఎలక్ట్రిక్ కుక్కర్‌తో పాటు వచ్చిన ప్లాస్టిక్ కప్పు. అది 180 మిల్లీలీటర్లు, జపాన్ వాళ్ల పాత బియ్యం కొలత. మన బియ్యం అందులో సుమారు 150 గ్రాములు పడతాయి. పిల్లలు హైదరాబాదుకో డల్లాస్‌కో వెళ్లిపోయి, ఉన్న ఇద్దరిలో ఒకరికి షుగరు వచ్చి రాత్రి పూట పుల్కాలకు దిగినా, నలుగురున్నప్పటి మూడు కప్పులే ఇంకా కుక్కర్‌లో పడుతున్న ఇళ్లు గుంటూరులో వీధికి నాలుగు కనబడతాయి.