పగలు పని, సాయంత్రం ఆట: స్కాట్లండ్ చిన్న క్లబ్బుల చరిత్ర

కార్మికవర్గ సంస్కృతి అనే మాట మన విమర్శలో తరచు వినబడుతుంది. ఆ మాట అన్నప్పుడల్లా మన దృష్టి పాటమీదికో, వీధినాటకం మీదికో, కథమీదికో పోతుంది. శనివారం మధ్యాహ్నం గనిలోంచో మిల్లులోంచో బయటపడిన మనిషి ఆ మిగిలిన పూట ఏం చేశాడన్నది సాహిత్యానికి సంబంధించని విషయంగా వదిలేస్తాం. నేనూ చాలాకాలం అలాగే వదిలేశాను. స్కాటిష్ నవలాకారుడు రాబిన్ జెంకిన్స్ 1954లో ప్రచురించిన 'ది థిసిల్ అండ్ ది గ్రెయిల్' చదివాక ఆ అలవాటు తప్పని తెలిసింది. జెంకిన్స్ నాలాగే బడిపంతులు. డ్రమ్‌సాగర్ట్ అనే కల్పిత పట్టణం, ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు, ఒక కప్పుకోసం ఆ జట్టూ ఊరూ కలిసి పడే తపన - ఇదీ నవలా వస్తువు. దీన్ని ఆటల నవల అనుకోవడం పొరపాటు. పేదరికం మేసిన ఊళ్లో ఆశ అనేది ఏ రూపంలో మిగులుతుందన్నదే రచయిత వేసిన ప్రశ్న.

స్కాట్లండ్ ఫుట్‌బాల్ అనగానే మన పత్రికలకు గ్లాస్గోలోని రేంజర్స్, సెల్టిక్ - ఈ రెండే కనిపిస్తాయి. నిజానికి అక్కడి జాతీయ లీగులో నాలుగు అంతస్తుల్లో 42 క్లబ్బులు వున్నాయి. అడుగు రెండు అంతస్తుల్లో ఎక్కువ జట్లు అర్ధవృత్తి జట్లు. ఆటగాడు పగలు ఎలక్ట్రీషియను, వడ్రంగి, గుమస్తా, పంతులు. వారంలో రెండు సాయంత్రాలు దీపాల వెలుతురులో సాధన, శనివారం ఆట, దానికి కొద్దిపాటి వేతనం. ఇంత చిన్న దేశానికి ఇన్ని క్లబ్బులెందుకు, వీటిని కుదించి పెద్దవాటికి పుష్టి చేకూర్చరాదా అనే వాళ్లు ఒక పక్షం. ఇదే అసలు ఆట, మిగిలిందంతా వ్యాపారం అనే వాళ్లు రెండో పక్షం. ఇద్దరూ చరిత్రను తమకు కావలసిన మేరకే చూస్తున్నారని నా అభిప్రాయం.

మొదట ఆ శనివారం మూడుగంటల వేళ ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. అది ఏ క్రీడాసంఘమో నిర్ణయించిన వేళ కాదు. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో స్త్రీలచేత, యువకులచేత శనివారం రెండుగంటల తరువాత పనిచేయించరాదని శాసించింది. తరువాతి దశాబ్దాల్లో ఇతర వృత్తుల కార్మికులు సంఘాలు కట్టి, కొట్లాడి ఆ సగంపూటను సంపాదించుకున్నారు. రెండుగంటలకు గేటు దాటిన మనిషి మూడుగంటలకు మైదానం చేరతాడు. ఆటకు ముందు పోరాటం వుంది.

అయితే తొలి క్లబ్బు కార్మికులది కాదు. 1867లో గ్లాస్గోలో పుట్టిన క్వీన్స్ పార్క్ మధ్యతరగతి యువకుల క్లబ్బు. వాళ్లు పెట్టుకున్న లాటిన్ నినాదానికి అర్థం 'ఆట ఆటకోసమే' అని. కళ కళకోసమే అన్న నినాదం ఎవరి ఇంట పుట్టిందో మన పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. ఇది దానికి తోబుట్టువు. జీతం నష్టపోకుండా ఆడగలిగినవాడికి డబ్బు ముట్టకపోవడం సుగుణంగా కనిపిస్తుంది. ఒకపూట పని మానుకుంటే ఇంట్లో పొయ్యి వెలగని అద్దకం కార్మికుడికి అదే నియమం గేటుమీద వేసిన తాళం. ఇంతమాత్రంచేత క్వీన్స్ పార్క్‌ను కొట్టిపారేయలేం. బంతిని ఒకరికొకరు అందించుకుంటూ ఆడే సమష్టి పద్ధతిని తీర్చిదిద్దింది ప్రధానంగా వాళ్లే. ఆ విద్యను తరువాత గనుల ఊళ్లు స్వంతం చేసుకున్నాయి. రూపం ఒక వర్గం చేతిలో పుట్టి మరో వర్గం చేతిలో నిండుదనం పొందడం సాహిత్య చరిత్రలోనూ మనం చూసిందే.

లెవెన్ లోయ సంగతి ఇక్కడ కాస్త నిలిచి చెప్పాలి. డంబార్టన్‌కు ఎగువన లెవెన్ నది ఒడ్డున ఎర్రరంగు అద్దకాలకు పేరుపొందిన బట్టల కర్మాగారాలుండేవి. వాటి చుట్టూ చిన్నచిన్న ఊళ్లు. ఆ లోయ పేరుతోనే వున్న వేల్ ఆఫ్ లెవెన్ జట్టు 1877, 1878, 1879 - వరసగా మూడేళ్లు స్కాటిష్ కప్పు గెలిచింది. పక్కనే వున్న రెంటన్ అనే గ్రామం 1885లోనూ, 1888లోనూ గెలిచింది. 1888లోనే ఇంగ్లండ్ కప్పు విజేత వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్‌ను ఓడించి, తన గుడిసెమీద 'ప్రపంచ విజేత' అని బోర్డు కట్టుకుంది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. ఆనాటికి ఆ మాటను కాదనగల జట్టు వేరే ఎక్కడా లేదు.

ఇంగ్లండ్ 1885లోనే వేతనం తీసుకుని ఆడడాన్ని చట్టబద్ధం చేసింది. స్కాట్లండ్ చేయలేదు. దానితో స్కాటిష్ ఆటగాళ్లు గుంపులుగా దక్షిణానికి వలసపోయారు. అక్కడ వాళ్లను 'స్కాచ్ ప్రొఫెసర్లు' అనేవారట. ఇంట మిగిలినవాళ్లకు చాటుగా డబ్బు ముట్టజెప్పడం అందరూ ఎరిగిన రహస్యం. 1890లో లీగు ఏర్పడిన కొద్దివారాలకే రెంటన్‌ను బహిష్కరించారు. నేరమేమిటంటే, చాటుగా జీతాలిస్తున్నారని నిషేధించిన ఒక క్లబ్బు పేరు మార్చుకుని వస్తే దానితో ఆడడం. అందరూ చేస్తున్న పనికి గ్రామం జట్టు శిక్ష అనుభవించింది. మరి మూడేళ్లకు, 1893లో, అదే పని చట్టబద్ధమైంది.

ఇక్కడే చరిత్ర మనకొక చిక్కు తెచ్చిపెడుతుంది. లీగులో చేరడానికి క్వీన్స్ పార్క్ నిరాకరించింది. లీగు వస్తే జీతాలు వస్తాయని, జీతాలు వస్తే చిన్న క్లబ్బులు చస్తాయని దాని వాదన. అది పైవర్గం వాదనే. కాని ఏం జరిగింది? లీగు మొదలుపెట్టిన పదకొండు క్లబ్బుల్లో అబర్‌కార్న్, కేంబస్లాంగ్, కౌలెయిర్స్, రెంటన్, వేల్ ఆఫ్ లెవెన్, థర్డ్ లానార్క్ - ఈ ఆరూ కాలగర్భంలో కలిసిపోయాయి. (ఈ కేంబస్లాంగ్ ప్రాంతంలోనే 1912లో జెంకిన్స్ పుట్టాడు.) మొదటి లీగు విజయాన్ని రేంజర్స్‌తో పంచుకుని, మరుసటి ఏడు ఒంటరిగా గెలిచిన డంబార్టన్ మిగిలింది గాని, 2024 నవంబరులో అప్పులు తీర్చలేక న్యాయపాలనలోకి వెళ్లి, 2025లో అట్టడుగు అంతస్తుకు జారింది. వేతనంకోసం కార్మికుడు పెట్టిన డిమాండు న్యాయమైనది. ఆ డిమాండు నెగ్గగానే లాభపడింది మాత్రం ఎక్కువ జనం గేటు డబ్బు కట్టగల మహానగరం. ఈ వైరుధ్యాన్ని దాటవేసి రాసే కార్మికవర్గ చరిత్ర నాకు నచ్చదు.

అర్ధవృత్తి ఆట ఈ వైరుధ్యంలోంచి పుట్టిన రాజీ. కూలి వదలకుండా ఆట, ఆట వదలకుండా కూలి. జాక్ స్టీన్ 1942లో కోట్‌బ్రిడ్జ్ పట్టణపు ఆల్బియన్ రోవర్స్‌లో చేరినప్పుడు వారమంతా గనిలో బొగ్గు తవ్వి శనివారం ఆడేవాడు. 1967లో యూరోపియన్ కప్పు గెలిచిన సెల్టిక్‌కు శిక్షకుడు ఆయనే. ఎయిర్‌షైర్‌లోని గ్లెన్‌బక్ అనే గని గ్రామం బిల్ షాంక్లీని, అతని నలుగురు అన్నదమ్ములను వృత్తి ఫుట్‌బాల్‌కు ఇచ్చింది. గనులు మూతపడ్డాయి, ఊరే లేకుండా పోయింది. సోషలిజం గురించి షాంక్లీ అన్న మాటలను లివర్‌పూల్ వాళ్లు నేటికీ తలచుకుంటారు. ఆ భావం పుస్తకాల్లోంచి కాక ఒకరి ప్రాణం ఒకరి చేతిలో వుండే బొగ్గుపొరలోంచి వచ్చిందనుకుంటాను.

ఫైఫ్ ప్రాంతంలోని కౌడెన్‌బీత్‌ది మరో కథ. ఆ చుట్టుపక్కల గనులు 1935లో విలియం గాలకర్‌ను కమ్యూనిస్టు సభ్యుడిగా పార్లమెంటుకు పంపి 1950 దాకా నిలబెట్టుకున్నాయి. పక్కనే వున్న లంఫినన్స్‌ను 'చిన్న మాస్కో' అనేవారు. అక్కడ గగారిన్ పేర ఒక వీధి నేటికీ వుంది. కౌడెన్‌బీత్ జట్టు 1924 నుంచి 1934 దాకా పై అంతస్తులో ఆడింది. తరువాత ఎక్కువకాలం కింది అంతస్తుల్లోనే వుండిపోయింది. మైదానం చుట్టూ కార్ల పందేల బాట, లోపల గతుకుల గడ్డి. జట్టుకు జనం పెట్టిన ముద్దుపేరు 'బ్లూ బ్రెజిల్'. ఓడిపోయే జట్టుకు ప్రపంచ విజేతల పేరు పెట్టుకోవడంలో తమను తామే ఎగతాళి చేసుకునే ధైర్యం వుంది. రాన్ ఫెర్గసన్ అనే మతబోధకుడు 1993లో ఈ పట్టణపు బొగ్గునూ బంతినీ కలిపి ఒక పుస్తకం రాశాడు. మన దగ్గర ఏ మిల్లు పేట గురించీ అలాంటిది వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

ఈ చరిత్రనంతా పూలదండలా పట్టుకు తిరగడం నా ఉద్దేశం కాదు. 1881లోనే ఎడిన్‌బరోలో స్త్రీలు ఫుట్‌బాల్ ఆడారు. తొంభయ్యేళ్ల తరువాత 1971లో యూరప్ సంఘం స్త్రీల ఆటను గుర్తించాలని తీర్మానిస్తే వ్యతిరేకంగా చెయ్యెత్తిన ఏకైక దేశం స్కాట్లండ్. ప్రొటెస్టెంటు, కేథలిక్కు విద్వేషం స్టేడియం మెట్లమీద ఎంతగా పెరిగిందో వేరే చెప్పాలా? శ్రామికుల ఆట అయినంత మాత్రాన అది విముక్తి క్షేత్రం కాదు.

మరి చిన్న క్లబ్బులను చంపేది ఏది? ఆదరణ లేకపోవడం అని తేలికగా అంటారు. థర్డ్ లానార్క్‌ను చూడండి. 1872లో పుట్టింది, 1904లో లీగు గెలిచింది, 1960-61లో వంద గోళ్లు కొట్టి మూడో స్థానంలో నిలిచింది. 1967లో దివాలా తీసింది. ఆరేళ్లలో ఆ ఊరి జనానికి ఆటమీద మనసు విరిగిందా? ప్రభుత్వ విచారణ తప్పుపట్టింది యాజమాన్యాన్ని. మైదానం అమ్మకానికి పనికొచ్చే నేలగా కనిపించినప్పుడు క్లబ్బు అడ్డుగా కనిపిస్తుంది. ఆ కాత్కిన్ పార్కు ఇప్పుడు ప్రజల ఉద్యానవనం. ప్రేక్షకులు నిలబడే మెట్లు చెట్లమధ్య ఇంకా వున్నాయి. గ్రెట్నా కథ దీనికి తిరగబడ్డ రూపం. ఒక ధనికుడి డబ్బుతో సరిహద్దు పల్లె జట్టు 2006లో కప్పు ఫైనలుకు, 2007లో పై అంతస్తుకు ఎగబాకింది. ఆయన జబ్బుపడి డబ్బు ఆగగానే 2008లో అదృశ్యమైంది. ఒకచోట యజమాని అత్యాశ, ఒకచోట యజమాని ఔదార్యం. ఫలితం మాత్రం ఒక్కటే.

2012 వేసవిలో జరిగింది నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికీ గుండెకాయ. రేంజర్స్ కంపెనీ అప్పులతో కూలిపోయింది. కొత్త కంపెనీని రెండో అంతస్తులోనే చేర్చుకోవాలని, లేకపోతే టెలివిజన్ డబ్బు పోయి చిన్న క్లబ్బులన్నీ మునుగుతాయని పైనుంచి వత్తిడి వచ్చింది. నిర్ణయం కింది మూడు అంతస్తుల్లోని ముప్ఫై క్లబ్బుల చేతిలో పడింది. జూలై 13న ఇరవై అయిదు క్లబ్బులు అడుగునుంచి మొదలుపెట్టాలని తీర్పు చెప్పాయి. నష్టపోతామని హెచ్చరించినా చెప్పాయి. రేంజర్స్ రావడంవల్ల టిక్కెట్లు అమ్ముడుపోతాయన్న లెక్క కూడా కొందరి మనసులో వుండి వుండవచ్చు. మనుషులు ఒక్క కారణంతో ఓటు వేయరు. అక్టోబరులో, అప్పటికి లీగులో అట్టడుగున వున్న స్టర్లింగ్ ఆల్బియన్ ఒక గోలు తేడాతో రేంజర్స్‌ను ఓడించింది. ఆరోజు ఆ జట్టు శిక్షకుడు మైదానంలో లేడు. పెళ్లిపీటలమీద వున్నాడు. ఆ క్లబ్బును 2010లో అభిమానులే కొనుక్కున్నారన్నది ఇక్కడ గమనించాలి. అదే సీజనులో, అదే అంతస్తులో క్వీన్స్ పార్క్‌కు జీతం లేకుండా ఆడుతూ, హాంప్‌డెన్ స్టేడియం కార్యాలయంలో టెలిఫోనుకు జవాబు చెబుతూ వున్న కుర్రవాడు ఆండీ రాబర్ట్‌సన్. తరువాత యూరప్ ఛాంపియన్ జట్టులో ఆడాడు. అతనిలాంటివాళ్లను తయారుచేసి పైసా అందకుండా పోగొట్టుకుంటున్నామని 2019లో క్వీన్స్ పార్క్ సభ్యులు ఓటు వేసి ఔత్సాహిక నియమాన్ని రద్దు చేసుకున్నారు. 'ఆట ఆటకోసమే' నూటయాభై రెండేళ్లు నిలిచింది.

అర్ధవృత్తి జట్ల సత్తా తగ్గలేదు. 2021-22లో అర్బ్రోత్ రెండో అంతస్తులో పూర్తికాలపు జట్లను దాటి రెండో స్థానంలో నిలిచింది. 2023 జనవరిలో, ఒకనాడు లేసు నేతకు ప్రసిద్ధమైన డార్వెల్ జట్టు, ఆరో అంతస్తునుంచి వచ్చి అబర్డీన్‌ను ఓడించింది. ఇబ్బంది సత్తాలో లేదు.

2014-15 నుంచి అడుగు జట్టు లీగు వెలుపలికి పోవడానికి, వెలుపలి జట్టు లోపలికి రావడానికి దారి తెరిచారు. దీన్ని నేను ఆహ్వానిస్తాను. వందేళ్లు మూసివున్న క్లబ్బుల కోటలోకి గని ఊళ్ల 'జూనియర్' జట్లు రావడం న్యాయమే. (జూనియర్ అంటే కుర్రవాళ్లని కాదు. జెంకిన్స్ నవలలోది అలాంటి జట్టే.) 2021లో కెల్టీ హార్ట్స్ వచ్చింది, 2022లో బోనీరిగ్ రోజ్ వచ్చింది. అలా వచ్చిన బోనీరిగ్‌కు దారి ఇచ్చి బయటికి పోయింది కౌడెన్‌బీత్. 2023లో స్టీన్ ఆడిన ఆల్బియన్ రోవర్స్ పోయింది. గని ఊరు గని ఊరిని గెంటింది.

ఇంతలో పెద్ద క్లబ్బులు తమ రెండో జట్లను ఈ కింది మెట్లమీద దించడం మొదలుపెట్టాయి. 2021లో సెల్టిక్, రేంజర్స్ కుర్రవాళ్ల జట్లను లోలాండ్ లీగులో చేర్చుకున్నారు. ఇలాంటి జట్లకోసం ప్రత్యేకంగా కొత్త అంతస్తు కట్టాలన్న ప్రతిపాదన 2023లో వచ్చి, వ్యతిరేకత ఎదురై ఆగింది. మళ్లీ రాదనే భ్రమ నాకు లేదు. ఊరి జట్టుకు ఊరు వుంటుంది. రెండో జట్టుకు యజమాని మాత్రమే వుంటాడు. భవిష్యత్తును గురించిన అసలు తగవు ఇది. జీతం పూర్తికాలమా, సగంకాలమా అన్నది దీని తరువాతి మాట.

బోనీరిగ్ సంగతి ముగించి ఆపుతాను. 1881లో పుట్టిన ఆ క్లబ్బు మైదానం పల్లంవైపు వాలి వుంటుంది. తరతరాలుగా అక్కడ ఒక సగం ఎత్తుకు, ఒక సగం పల్లానికి ఆడారు. ఇరుజట్లకూ వాలు ఒకటే గనక ఎవరికీ ఫిర్యాదు లేదు. లీగు నిబంధన ప్రకారం అంత వాలు వుండరాదు. చదును చేయడానికి డబ్బు కావాలి. 2024-25 సీజనులో నిబంధన పాటించలేదని ఆ జట్టుకు ఆరు పాయింట్లు కోసేశారు. సీజను ఆఖరున అట్టడుగున మిగిలి, 2010లో ఏర్పడిన ఈస్ట్ కిల్‌బ్రైడ్ చేతిలో ఓడి, మూడేళ్లకే వచ్చిన దారిన వెళ్లిపోయింది.