యాన్‌సెన్ లింకేజీ

క్రాంక్ భ్రమణాన్ని నడకగా మార్చే కడ్డీల అమరిక. డచ్ కళాకారుడు టియో యాన్‌సెన్ 1990 నుంచి పీవీసీ పైపులతో నిర్మిస్తున్న, సముద్రతీరంలో గాలికి నడిచే ‘స్ట్రాండ్‌బీస్ట్’ల కాళ్లివే. కడ్డీల పొడవుల నిష్పత్తులను ఆయన కంప్యూటర్‌లో పరిణామ పద్ధతిన వడపోసి తేల్చాడు. క్రాంక్ 15 యూనిట్లయితే మిగతావి 38, 41.5, 39.3 ఇలా సాగుతాయి. ఈ కొలతల్లోనే అందమంతా ఉంది: నేలను తాకినంతసేపూ పాదం దాదాపు సరళరేఖలో జరుగుతుంది, అందుకే శరీరం ఎగిరిపడదు.

దీన్ని స్వీడన్‌కు చెందిన ‘అల్గోడూ’ వంటి భౌతికశాస్త్ర సాఫ్ట్‌వేర్‌లలోనూ నిర్మించవచ్చు. అక్కడ అన్నీ ఒకే తలంలో ఉంటాయి కనుక కాళ్లను వేర్వేరు పొరల్లో పెట్టాలి, లేకపోతే ఒకదానికొకటి తగిలి బిగుసుకుంటాయి. ఇంట్లో చేసేటప్పుడు చిక్కు వేరు. బోల్టు కన్నా రంధ్రం కాస్త పెద్దదైనా ఆ వదులు కీలుకీలుకీ పెరిగి పాదం దారి తప్పుతుంది. పైగా పొడవులు వేర్వేరు కనుక కడ్డీలన్నిటినీ దొంతరగా బిగించి ఒకేసారి డ్రిల్ చేయకుండా, ప్రతి జత రంధ్రాల మధ్య దూరాన్నీ విడిగా కొలవాలి.