కంపెనీ అప్పు, పాలేరు అప్పు
కోనసీమలో, మన కాట్రేనికోన వైపు కూడా, మాల మాదిగ పాలేరు చచ్చిపోయినా అప్పు చావలేదు. కొడుకు మెడకు చుట్టుకుంది. కంపెనీ బాకీ అలా కాదు. 1857లోనే చట్టం వాటాదారుడి బాధ్యతకు హద్దు గీసింది. 1956 చట్టం కింద అయిదొందలు దాటిన బాకీని నోటీసిచ్చిన మూడు వారాల్లో తీర్చకపోతే, కంపెనీని మూసేయమని అప్పిచ్చినవాడు హైకోర్టుకెక్కే వీలుండేది. ఆస్తులమ్మి పంచేవారు, తీరని బాకీ కంపెనీతోనే పోయేది. ఆ మూసివేతలో కార్మికుల గోడూ వినాలని సుప్రీంకోర్టు చెప్పింది 1982లో. వాళ్ల జీతబాకీని తాకట్టు బ్యాంకుల సరసన నిలబెట్టిన సవరణ 1985లో వచ్చింది. పాలేరు అప్పును కొట్టేసిన వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కోసం 1976 దాకా ఆగాల్సొచ్చింది. ఈ 119 ఏళ్ల ఆలస్యాన్ని కులం అనక ఇంకేమనాలని మేం అడుగుతున్నాం.