అంబలికి ఏ కుండ, చల్లటి టీకి ఏ జగ్గు?

ఎండలు ముదిరేసరికి సంఘానికి వచ్చేవాళ్ళు ఏటా అడిగే మాట ఒకటుంది: అంబలి దేంట్లో పెట్టుకోవాలి? ఈమధ్య దానికి ఇంకోటి తోడైంది. సెలవులకు ఇంటికొచ్చిన మనవలు, మనవరాళ్ళు టీ ఆకు నానబెట్టి చల్లగా తాగుతున్నారు, దానికి ఇంట్లో ఉన్న జగ్గు పనికొస్తుందా అని. రెండింటికీ కలిపి ఇక్కడే రాస్తున్నాం. పాత్ర కొనేముందు చూడాల్సినవి రెండింటికీ ఒకటే. అందులో పోసేది పులుస్తుందా, వేడిగా పోస్తామా, కడగడానికి చెయ్యి లోపలికి పడుతుందా?

పులుపు సంగతి ముందు చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ళ క్రితం మా చలివేంద్రంలో పెద్ద ఇత్తడి గుండిగ నిండా మజ్జిగ కలిపి పెట్టాం. పాత సామాను, చూడముచ్చటగా ఉందని అదే బయటికి తీశాం. లోపల కళాయి ఎప్పుడో అరిగిపోయిందని ఎవరం చూడలేదు. మధ్యాహ్నానికి తాగినవాళ్ళలో కొందరికి వికారం, ఇద్దరికి వాంతులు. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు గానీ, తప్పు మాదే. ఇత్తడిలో రాగి, జింకు ఉంటాయి. పులుపు తగిలితే అవి కరిగి మజ్జిగలోకి దిగుతాయి. కంచులోనూ రాగి ఉంది కనుక అదీ అంతే. ఇందుకే మేము చోడంబలి అనే పాత మాటే వాడుతున్నాం. రాగి అంబలి అంటే ఎవరైనా రాగి చెంబులో పోసేస్తారేమోనని భయం.

అమ్మమ్మల నాటి ఇత్తడి గిన్నె వాడాలనే పట్టుదల ఉంటే కళాయి వేయించాలి. కళాయి అంటే నవాసారం చల్లి, వేడి మీద తగరం పూత పూయడం. ఆ తగరంలో సీసం కలిపితే అసలుకే మోసం. వేసే మనిషిని ఎరిగి ఉంటేనే వేయించండి. పూత మధ్య పసుపురంగు మచ్చ కనబడితే ఆ గిన్నె మళ్ళీ కళాయి పడేదాకా అటక మీదే ఉండాలి.

ఇక అంబలి. చోడిపిండిని ముందురోజు నీళ్ళలో కలిపి పులియనిచ్చి, మర్నాడు మరిగే నీళ్ళలో పోసి ఉడికిస్తాం. కొందరు బియ్యపు నూక కూడా వేస్తారు. చల్లారాక కుండలో పోసి రాత్రంతా ఉంచి, పొద్దున మజ్జిగ, ఉల్లిపాయ, ఉప్పు కలుపుకుంటాం. మన చుట్టూ ఉన్న గిరిజనుల మాండియా పేజ్ దీనికి అన్నదమ్ముడే. వాళ్ళు దాన్ని పొలానికి ఎండు ఆనపబుర్రలో తీసుకెళ్తారు. ఒడియాలో తుంబా అంటారు. తేలిక, పగలదు, లోపలిది త్వరగా వేడెక్కదు. దారికి అంతకంటే మంచిది లేదు. కానీ మెడ సన్నం, చెయ్యి పట్టదు. ఏళ్ళ తరబడి దాన్ని శుభ్రం చేసే నేర్పు ఉన్నవాళ్ళకే అది సరిపోతుంది. సరదాకి కొన్నవాళ్ళు ఒక్క పరీక్ష చెయ్యండి. నీళ్ళు పోసి రాత్రంతా ఉంచి, పొద్దున నాలుక మీద ఒక చుక్క వేసుకోండి. చేదుగా ఉంటే ఆ బుర్ర గోడకు తగిలించుకోవడానికే. చేదు ఆనపలో ఉండేది నిజంగా విషమే.

ఇంట్లో ఉంచుకోవడానికి మా ఓటు మట్టికుండకే. మెరుపు పూత లేని కుండ గోడలోంచి నీరు సన్నగా చెమర్చి ఆవిరవుతుంది. ఒక్కో గ్రాము నీరు ఆవిరయ్యేటప్పుడు దాదాపు 580 కేలరీల వేడిని పట్టుకుపోతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల పొడి ఎండలో కుండ బాగా చల్లబరుస్తుంది, వానాకాలం ఆ పని చెయ్యలేదు. ఒక చిక్కుంది. అంబలి గంజి పట్టేకొద్దీ సన్న రంధ్రాలు పూడి చల్లదనం తగ్గుతుంది. అంబలి కుండ వేరు, మంచినీళ్ళ కుండ వేరు పెట్టుకోండి. అంబలి కుండ రంధ్రాల్లో నిన్నటి పులుపు కొంచెం మిగిలి ఇవాళ్టి దానికి తోడు పెడుతుంది కూడా.

సంతలో కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగుమంటే బాగా కాలింది, బొద్దుగా మోగితే పగులో, పచ్చిదో. రంగులేసిన కుండలు, లోపల మెరిసే పూత ఉన్నవి పులిసేవాటికి వద్దు. అలాంటి రంగుల్లో, పూతల్లో సీసం ఉండే అవకాశం ఉంది. మూతి పిడికిలి పట్టేంత వెడల్పు ఉండాలి. తెచ్చాక ఒక పగలూ రాత్రీ నీళ్ళలో నానబెట్టి, గంజితో రెండుసార్లు తొలవండి. సబ్బు ముట్టించొద్దు, కుండ పీల్చుకుంటుంది. కొబ్బరిపీచు, వేడినీళ్ళు, ఆ తర్వాత ఎండ చాలు.

పావుకిలో పిండికి సుమారు రెండున్నర లీటర్ల అంబలి అవుతుంది. దానికి మూడున్నర లీటర్ల కుండ కావాలి. పులిసేటప్పుడు పొంగుతుంది గనక పైన ఖాళీ ఉండాలి, మూత వదులుగా ఉండాలి. ఊరు కూడా చూసుకోవాలి. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు, రాయగడ 200 మీటర్ల పైచిలుకు. రాయగడలోనో గుణుపూర్‌లోనో ఒక్క రాత్రికి పులిసిపోయే పిండి, కొరాపుట్ చలిలో మర్నాటి మధ్యాహ్నం దాకా తీసుకుంటుంది. అందుకని కిందివాళ్ళకు చిన్న కుండే మేలు, ఏ రోజుది ఆ రోజు అయిపోతుంది.

కుండ చూసుకునే ఓపిక లేనివాళ్ళకు స్టీలు. 304 అని ముద్ర ఉన్నది తీసుకోండి. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలే అని కొట్టువాళ్ళు చెప్పేది సరికాదు. తక్కువ నికెల్ ఉన్న 202 రకానికీ అయస్కాంతం అంటుకోదు. మనవాళ్ళు సిల్వర్ గిన్నె అనేది అల్యూమినియం, పులిసేదానికి పనికిరాదు. ఏ పాత్రైనా సరే, ఉప్పు, మజ్జిగ తాగేముందు గ్లాసులో కలుపుకోండి, నిల్వ పాత్రలో కాదు.

టీ సంగతి తేలిక. లీటరు చల్లటి మంచినీళ్ళకు 8 నుంచి 10 గ్రాముల ఆకు వేసి ఫ్రిజ్‌లో ఆరేడు గంటలుంచి వడకట్టడమే. వేడి పోయం కనుక మామూలు గాజు జగ్గు చాలు. మరిగించిన టీ చల్లబరిచే అలవాటైతే బోరోసిలికేట్ గాజు గానీ స్టీలు గానీ కావాలి. గాజు దళసరిగా ఉంటే గట్టిదని అనుకుంటాం గానీ, వేడినీళ్ళకు మామూలు దళసరి గాజే ముందు పగులుతుంది. ప్లాస్టిక్ జగ్గులో వేడి టీ వద్దు. గీతలు పడితే వాసన, మరక వదలవు. మన ఇళ్ళలో వాడే పొడి సన్నం, జగ్గుతో వచ్చే జాలీలోంచి జారిపోతుంది. పల్చటి గుడ్డలో మూటకట్టి వేయండి. కొనేముందు ఫ్రిజ్ తలుపు అర ఎత్తు కొలుచుకు వెళ్ళండి, మూత తప్పకుండా ఉండాలి.

అమెరికాలో జగ్గును ఎండలో పెట్టి టీ దించే అలవాటు ఉందని పిల్లలు చెబితే, మన డాబా మీద ప్రయత్నించవద్దు. ఎండకు నీళ్ళు మరగవు, గోరువెచ్చగా అవుతాయి. ఆకుతో వచ్చిన సూక్ష్మజీవులు పెరగడానికి ఆ వేడి అనువుగా ఉంటుంది. నిమ్మరసం, పంచదార తాగేటప్పుడు వేసుకుని, రెండో రోజుకల్లా జగ్గు ఖాళీ చేసి కడిగేయండి.