మూత బిగించిన సీసాలో పిండానికి ఏ గాలి కావాలి?

1904లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త హానిగ్ ముల్లంగి గింజల్లోంచి పిండాలను వేరుచేసి, ఖనిజ లవణాలు, పంచదార కలిపిన ద్రావణంలో పెంచాడు. తల్లి మొక్కను విడిచినా పిండం గాజుపాత్రలో బతుకుతుందని తేలిపోయింది. అక్కడి నుంచి దశాబ్దాల పాటు పరిశోధకుల ధ్యాసంతా ఆహారం మీదే: పంచదార ఎంత, కొబ్బరినీళ్లు ఎంత, ఏ హార్మోను వెయ్యాలి? గాలి సంగతి దూది బిరడాకే వదిలేశారు.

హెచ్చరిక మాత్రం అప్పటికే వచ్చి ఉంది. సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రయోగశాలలో నెల్యుబోవ్ చీకట్లో మొలకెత్తించిన బఠాణీలు నిటారుగా లేవలేదు; పొట్టిగా, లావుగా, అడ్డంగా పాకాయి. బయటి గాలి ఇస్తే చక్కగా నిలబడ్డాయి. దీపాల గ్యాసులో ఉన్న ఇథిలీనే ఇందుకు కారణమని 1901లో ఆయన చూపించాడు. పండిన ఆపిల్ కూడా ఆ వాయువును వదులుతుందని 1934లో గేన్ నిరూపించాడు. గాటు పడ్డ కణజాలమూ అంతే. దూది బిరడా పెడితే ఇథిలీన్ బయటికి పోతుంది, రబ్బరు మూత బిగిస్తే లోపలే పేరుకుంటుంది. ఇథిలీన్ పనిని వెండి అయాన్లు అడ్డుకుంటాయని 1976లో బేయర్ కనిపెట్టాక, టిష్యూ కల్చర్ మీడియంలో సిల్వర్ నైట్రేట్ వాడకం మొదలైంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆక్సిజన్ కథ. 1958లో కార్నెల్‌లో స్టీవర్డ్ బృందం క్యారెట్ కణాల నుంచి పిండాల్లాంటి రూపాలను పుట్టించింది. వాళ్ల ఫ్లాస్కులు నెమ్మదిగా తిరిగే చక్రానికి బిగించి ఉండేవి. లోపలి ముక్క కాసేపు ద్రవంలో మునిగేది, కాసేపు గాలికి తేలేది. కణాలకు గాలి ఎంత ఆడితే అంత మంచిదన్న నమ్మకం అందులో ఉంది. 1972లో కెస్సెల్, కార్ అదే క్యారెట్ కణాలను పెంచే ద్రవంలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచి చూస్తే ఆ నమ్మకం కదిలిపోయింది. సంతృప్త స్థాయిలో 16 శాతానికి లోపు ఉంటే పిండాలు ఏర్పడ్డాయి, అది దాటితే వేళ్లు వచ్చాయి. 1988లో కార్మన్ గోధుమలోనూ, అండంలో ఉండేటంత తక్కువ ఆక్సిజన్ ఇచ్చి మెరుగైన ఫలితాలు చూశాడు. అంటే పిండం రూపుదిద్దుకునే వేళ కావలసిన గాలి వేరు. మొలకెత్తే వేళ శ్వాస పెరుగుతుంది, అప్పుడు ఆక్సిజన్ దండిగా కావాలి. ఒకే మూతతో రెండు దశలూ నడపాలనుకోవడం పొరపాటు.

ఆకు పచ్చబడ్డాక మరో చిక్కు. లైట్లు వెలిగిన కొద్ది గంటలకే మూసిన సీసాలో కార్బన్ డయాక్సైడ్ అడుగంటుతుందని జపాన్‌లో కొజాయ్ బృందం కొలిచి చెప్పింది. కొబ్బరిలో ఈ సంగతి బాగా పనికొచ్చింది. ఫిలిప్పీన్స్‌లో 1964 నుంచే మకపునో అనే రకం కొబ్బరి పిండాలను ల్యాబ్‌లో మొలిపిస్తున్నారు. ఆ కాయ తనంతట తాను మొలవదు. మొలిచిన పిలకలు మట్టిలోకి మార్చగానే చాలావరకు చచ్చిపోయేవి. క్వీన్స్‌ల్యాండ్ పరిశోధకులు 1600 పిపిఎం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలిలో కొబ్బరి పిలకలను పెంచితే, ఆకులు విశాలంగా, వేళ్లు ఎక్కువగా వచ్చాయి. మట్టిలోకి మార్చాక కూడా అవి నిలదొక్కుకున్నాయి.