పట్టుపురుగు జ్వరము, మాంసకృత్తుల చక్కెర

హిందూపురము, మడకశిర ప్రాంతముల పట్టురైతులు పురుగు పొర విడుచు సమయమును జ్వరమందురు. రేయింబగళ్లు మల్బరీ ఆకును నమలుచుండిన పురుగు ఉన్నట్లుండి మేత మాని, తల పైకెత్తి, ధ్యానమగ్నమైనట్లు కదలక నిలుచును. ఇంచుమించు ఒక దినము గడచిన పిమ్మట పాత చర్మము వెనుకకు జారిపోగా, వదులైన క్రొత్త చర్మముతో మరల ఆకును వెదకుకొనును. ఇట్లు నాలుగు జ్వరములు గడచి, పుట్టిననాటి బరువునకు సుమారు 10,000 రెట్లు పెరిగి, పండిన పురుగు చంద్రిక యను వెదురు తడికపై గూడు కట్టుకొని, అందు ప్యూపాగ మారి, కొన్ని దినములకు రెక్కలతో వెలువడును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానకు మాత్రమే నోచుకొన్న ఈ అనంతపురపు పీఠభూమిలో, బోరునీటితో మల్బరీ పెంచుకొను రైతునకు ఆ జ్వరములే రోజుల లెక్క. ఆ జ్వరమును రప్పించునది ఏది, రూపమును మార్చునది ఏది అను ప్రశ్నకు శాస్త్రజ్ఞులు మూడున్నర శతాబ్దములుగ సమాధానము వెదకుచున్నారు.

ఇటలీ దేశీయుడగు మాల్పీజీ 1669లో పట్టుపురుగును కోసి చూచి దాని అంతర్నిర్మాణమును వర్ణించెను. ఆ కాలముననే హాలెండు దేశీయుడగు స్వామ్మర్డామ్, గొంగళిపురుగు చర్మము క్రిందనే రాబోవు రెక్కలు మడతవడి యున్నవని చూపి, ఒక ప్రాణి నశించి మరియొకటి జనించుననెడి పూర్వవిశ్వాసమును తొలగించెను. అటుపిమ్మట చాలకాలమునకు, 1917 మొదలుకొని 1922 వరకు, పోలండు దేశీయుడగు కోపెచ్ జరిపిన ప్రయోగములలో, తగిన గడువునకు ముందే మెదడు తొలగింపబడిన గొంగళి ప్యూపా కాజాలదని తేలెను. ఆ మెదడు పంపు ఆజ్ఞను అందుకొను గ్రంథి వక్షభాగమున నున్నదని 1940లో జపానునందు ఫుకుడా పట్టుపురుగులోనే నిరూపించెను. 1954లో బుటెనాంట్, కార్ల్సన్ అను జర్మను రసాయనజ్ఞులు 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుండి ఆ గ్రంథి నుండి వెలువడి పొర విడిపించు ఎక్డైసోన్ హార్మోనును 25 మిల్లీగ్రాములు వేరుచేసిరి. పట్టు తీసిన పిదప మన రీలింగు బేసినుల ప్రక్కన కుప్పపడి దుర్వాసన గొట్టు ప్యూపాల జాతివే అవియు!

మెదడు పంపు ఆజ్ఞ ఏ పదార్థమో తెలియుటకు ఇంకను మూడు దశాబ్దములకు పైగ పట్టెను. జపాను పరిశోధకులు లక్షలాది పట్టుచిలుకల తలలను నూరి, శోధించి, 1990లో ఆ హార్మోను జన్యువును చదివిరి. అది 109 అమైనోఆమ్లముల గొలుసులు రెండు జతపడిన మాంసకృత్తు. దానిపై ఒక నియతస్థానమున చక్కెర గొలుసు తగులుకొని యున్నది. కణము తాను తయారుచేయు మాంసకృత్తులకు ఇట్లు చక్కెర గొలుసులను తగిలించు క్రియకే గ్లైకోసైలేషన్ అని పేరు. అయితే ఇచట తొందరపాటు తగదు: చక్కెర తగిలించుట ఎరుగని బాక్టీరియాచేత చేయించిన హార్మోను కూడ పనిచేసెను గనుక, రూపపరివర్తన రహస్యమంతయు ఆ చక్కెరయందే యున్నదనుట సత్యము కానేరదు. దాని ప్రాముఖ్యము వేరొక చోట బయటపడినది.

గూడు కట్టబోవు పురుగు, రాబోవు ఉపవాసదినముల కొరకు తన రక్తమున నిలువ మాంసకృత్తులను నింపుకొని, ప్యూపా దశకు ముందు వానిని మరల కొవ్వుకణజాలమునకు చేర్చుకొని, వాని సారముతో చిలుక శరీరమును నిర్మించుకొనును. ఈ నిలువ మాంసకృత్తులలో పెక్కింటికి మానోస్ చక్కెర గొలుసులు కలవు. పట్టుదారములోను ఇట్టి చక్కెర కలదు. ఫైబ్రోయిన్ పెద్ద గొలుసులు, చిన్న గొలుసులు ఆరేసి జతలుగ కూడగా, ఆ ఆరింటికి పి25 అను చక్కెర తొడిగిన మాంసకృత్తు ఒక్కటి చొప్పున చేరునని 2000లో తేలినది. సబ్బునీట ఉడికించి జిగురు పోగొట్టిన పిదప ధర్మవరపు మగ్గమెక్కు దారమునకు మూలము ఈ కూర్పే.

చక్కెర లేనిచో ఏమగునో నిస్సందేహముగ చూపినది మాత్రము పట్టుపురుగు కాదు, పండ్లపై మూగు చిన్న ఈగ డ్రోసోఫిలా. దాని రెక్క అంచును దిద్దు ఫ్రింజ్ అను జన్యువు 1994లో బయటపడగా, అది నాచ్ అను మాంసకృత్తుపైనున్న ఫ్యూకోస్‌కు మరియొక చక్కెరను చేర్చు ఎంజైమని 2000లో తెలిసెను. మానోస్‌ను తగిలించు ఎంజైము లోపించిన ఈగకు ఉదరము ఒక ప్రక్కకు మెలితిరిగి యుండును. అన్నింటికంటె నా మనస్సును కలచినది మూడవ ఉదాహరణ. ఒకే ఒక చక్కెర అణువును మాంసకృత్తులకు అంటించు ఎంజైము కొరవడినచో, తల్లి గ్రుడ్డులో నింపిన నిలువతో ఈగ పిల్లపురుగై పెరుగును, ప్యూపా యగును, కన్నులు, రెక్కలు, కాళ్లు అన్నియు అమరును. కాని వెలుపలికి రాలేక ఆ పెంకులోనే మరణించును. సూపర్ సెక్స్ కోంబ్స్ అని యెప్పుడో పేరిడిన ఆ జన్యువు ఈ ఎంజైముదే యని 2009లో గుర్తించిరి.

ఈ చక్కెరలను కంటికి చూపు సాధనములలో ఒకటి మన చేలలోనే పండుట నాకు ఆనందదాయకము. సీమవాసులు శెనక్కాయ యని పిలుచు వేరుసెనగ గింజలో, గాలాక్టోస్ కూడిన ఒకానొక చక్కెర జంటను గుర్తుపట్టి పట్టుకొను లెక్టిన్ అను మాంసకృత్తు కలదు. ఇజ్రాయెలులో నాథన్ షారన్ బృందము దానిని 1975లో శుద్ధిచేసెను; హిందూపురమునకు దగ్గరనేయున్న బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎం. విజయన్, ఎ. సురోలియా ప్రభృతులు దాని స్ఫటికనిర్మాణమును 1994లో వెల్లడించిరి. ఈగ పిండమున ఏ అవయవము ఎప్పుడు ఏ చక్కెరను ధరించునో చూచుటకు పరిశోధకులు ఈ లెక్టిన్‌నే రంగుతో జతచేసి వాడిరి. ఆ శెనక్కాయ చేని గట్ల క్రిందనే, చెట్ల నీడలందే, ఎర్ర గొంగళిపురుగు ప్యూపాలు నెలల తరబడి మట్టిలో నిదురించి, తొలకరి పదును నేలలోనికి దిగిన రాత్రి చిలుకలై లేచి, రైతు గట్టున వెలిగించిన మంట చుట్టు తిరుగును.