కార్బొరేటర్ కథ: కొత్తది కొనే ముందు ఒకసారి విప్పి చూడండి

ఇయ్యాల పంట ముచ్చట కాదు, బండి ముచ్చట. కానీ చివరికి మన చేను కాడికే వస్తది, జర ఓపికతో చదవండి.

మన శ్రీరాంపూర్ చుట్టుపక్కల ఊర్లల్ల ఇప్పటికీ కొన్ని పాత పెట్రోలు కార్లు తిరుగుతున్నయి. రిటైరైన సింగరేణి కార్మికుల కాడ కొనుక్కున్న మారుతి 800లు ఉన్నయి, కొట్టంల పట్టా కప్పుకొని పడుకున్న అంబాసిడర్లు ఉన్నయి. వాటన్నిటిదీ దాదాపు ఒకటే రోగం. పొద్దున స్టార్ట్ కావు. అయినా స్లోల నిలబడవు, గడగడ వణికి ఆగిపోతయి. ఎక్సలేటర్ తొక్కితే గుంజవు. వెనుక నల్లపొగ. షాపుకు తీస్కపోతే ఒకటే మాట వినబడుతది: "కార్బొరేటర్ పోయింది, కొత్తది దొరకదు, బండి అమ్ముకో." ఇంకేముంది, మంచి ఇంజన్ ఉన్న బండి పాత ఇనుము రేటుకు పోతది.

ఆ మాట ఎంతవరకు నిజమో తెలవాలంటే కార్బొరేటర్ అసలు ఎట్ల పుట్టింది, ఏం పని చేస్తది, ఎందుకు పక్కకు పోయింది అన్నది తెలవాలె.

పెట్రోలు నీళ్ల లెక్క ఉన్నప్పుడు ఇంజన్‌ల సరిగ్గా మండదు. ఆవిరై గాలిల కలవాలె. అది కూడా లెక్క ప్రకారం. ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావాలె. ఇంట్ల గ్యాస్ పొయ్యి చూడండి. గాలి సరిగ్గా అందితే నీలి మంట, తక్కువైతే ఎర్ర మంట, గిన్నెకు మసి. ఇంజన్‌ల కూడా అంతే. ఈ పాళ్లు కలిపే వంటోడే కార్బొరేటర్.

1886ల జర్మనీల కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంట్ తీసుకున్నడు. అందుల ఉన్న కార్బొరేటర్ చాలా సాదా. ఒక డబ్బాల ఇంధనం పోసి, దాని మీదినుంచి గాలి పోనిస్తే, లేచిన ఆవిరి ఇంజన్‌లకు పోయేది. 1888ల ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని, భర్తకు చెప్పకుండ, వంద కిలోమీటర్లకు పైన ఉన్న పుట్టింటికి ఆ బండి నడుపుకుంట పోయింది. అప్పుడు పెట్రోలు బంకులు యాడియి? వీస్లోఖ్ అనే ఊర్ల మందుల దుకాణంల ఇంధనం కొన్నది. నడుమల ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి గుచ్చుకునే పిన్నుతో పొడిచి సాఫ్ చేసుకున్నది. అంటే మోటారు బండి చేసిన మొదటి దూర ప్రయాణంలనే ఇంధనం దారి మూసుకపోయింది. ఆ ఆడమనిషి బండి అమ్ముకోలేదు, గొట్టం సాఫ్ చేసుకొని ముందుకు పోయింది.

తర్వాత 1893ల విల్‌హెల్మ్ మేబాఖ్ అనే జర్మన్ ఇంజనీరు పెట్రోలును సన్న రంధ్రం నుంచి తుంపర కొట్టే కార్బొరేటర్ తెచ్చిండు. అదే ఏడు హంగేరీల బాంకి, చోంకా అనే ఇద్దరు కూడా ఇసొంటి దానికే పేటెంట్ తీసుకున్నరు. మనం మందు కొట్టే స్ప్రేయర్ నాజిల్ ఎట్లనో ఇదీ అట్లనే. కాకపోతే ఇక్కడ పంపు ఉండది, గాలే పెట్రోలును గుంజుతది. కాలువ ఇరుకైన చోట నీళ్లు ఉరికినట్టు, గొట్టం ఇరుకైన చోట గాలి ఉరుకుతది. ఉరికే చోట ఒత్తిడి తగ్గుతది. ఆ సంగతి రాసి పెట్టింది ఇటలీ దేశపు వెంచురి, 1797ల. అందుకే ఆ ఇరుకు గొట్టాన్ని ఇప్పటికీ వెంచురి అంటరు. కింద గిన్నెల పెట్రోలు ఒక మట్టానికి మించకుండ ఒక ఫ్లోట్ ఉంటది. మిద్దె మీద నీళ్ల ట్యాంకుల బంతి వాల్వు చేసే పనే అది చేస్తది.

ఇంగ్లండుల స్కిన్నర్ అనే చెప్పుల వ్యాపారం కుటుంబం నుంచి వచ్చిన అన్నదమ్ములు ఎస్.యు. అనే కార్బొరేటర్ తయారు చేసిండ్రు. మొదటి వాటిల తోలు తిత్తి వాడిండ్రు, మన కమ్మరి కొలిమి తిత్తి లాంటిది. మన అంబాసిడర్‌కు తల్లి బండి మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ల ఉన్నది ఈ ఎస్.యు. రకమే.

ఇక మన దిక్కు వద్దాం. నిజాం రైల్వే 1932 జూన్‌ల 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. కొన్నేండ్లకే రెండో ప్రపంచ యుద్ధం వచ్చి పెట్రోలుకు రేషన్ పడ్డది. దేశంల చాలా చోట్ల బస్సుల వెనుక ఇనుప పొయ్యి కట్టి, కట్టెబొగ్గు కాల్చి, ఆ గ్యాస్‌తోటి నడిపిండ్రు. పెద్దలు బొగ్గు బస్సులు అనేది వాటినే. మన బొగ్గుబాయి బొగ్గు కాదది, కట్టె కాల్చిన బొగ్గు. పెట్రోలు లేకపోయినా ఇంజన్ ఊకోదు, గాలిల కలిసి మండేది ఏదో ఒకటి పంపాలె. కార్బొరేటర్ పనిని అప్పుడు పొయ్యి చేసింది.

1958 కాడినుంచి అంబాసిడర్, 1964ల ఫియట్ 1100 డిలైట్, తర్వాత దాన్నే పద్మిని అన్నరు. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగ మొదటి మారుతి 800 తాళం ఇచ్చిండ్రు. మూడు సిలిండర్లు, 796 సీసీ. వీటి పెట్రోలు ఇంజన్లకు అప్పుడు కార్బొరేటరే. మెకానిక్కులు కార్పెటర్ అనేటోళ్లు. ఒక స్క్రూడ్రైవర్, నాలుగు పానాలు, ఒక గిన్నెల పెట్రోలు ఉంటే చెట్టు కిందనే విప్పి, కడిగి, బిగించి, చెవితో విని ట్యూనింగ్ చేసేటోళ్లు. చదువు లేనోళ్లు కూడా ఇంజన్ శబ్దం విని పెట్రోలు ఎక్కువైందా గాలి ఎక్కువైందా చెప్పేటోళ్లు. డీజిల్ జీపులకు, ట్రాక్టర్లకు కార్బొరేటర్ ఉండది, వాటికి పంపు, నాజిళ్లు ఉంటయి. ఆ లెక్క వేరే.

మరి ఇంత మంచి సామాను ఎందుకు పోయింది? పని చేయక కాదు, పొగ వల్ల. పట్నాలల్ల గాలి పాడైంది. పొగను శుభ్రం చేసే కన్వర్టర్ సైలెన్సర్ గొట్టంల పెట్టాల్సి వచ్చింది. 1995ల నాలుగు మహానగరాలల్ల కొత్త కార్లకు అది మొదలైంది. సీసం కలిసిన పెట్రోలు కన్వర్టర్‌ను పాడు చేస్తది కాబట్టి 2000 ఫిబ్రవరికల్లా దేశమంతా సీసం లేని పెట్రోలే వచ్చింది. 1999 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతానికి యూరో నిబంధనలు పెట్టింది. కన్వర్టర్ సరిగ్గా పని చేయాలంటే గాలి, పెట్రోలు పాళ్లు ప్రతి క్షణం ఆ 14.7 దగ్గరే ఉండాలె. ఎండకు, చలికి, ఎత్తుకు, దుమ్ముకు మారే కార్బొరేటర్ తోటి అంత కొలత కుదరది. సైలెన్సర్‌ల సెన్సర్ పెట్టి, కంప్యూటర్ లెక్క కట్టి, ఇంజెక్టర్ పెట్రోలు కొడితేనే కుదురుతది. కార్లల్ల 2000 తర్వాత మెల్లమెల్లగ అదే వచ్చింది. మన మోటార్‌సైకిళ్లకు 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చినంక కార్బొరేటర్ చాలావరకు బంద్ అయింది.

ఇది అన్యాయం అని నేను అనను. పొగ తగ్గింది, మైలేజీ పెరిగింది, పొద్దున ఒక్క సెల్ఫుకే స్టార్ట్ అవుతది. కానీ ఇంకోటి కూడా జరిగింది. రోగం చెప్పేది చెవి కాదు, స్కానర్ మిషన్ అయింది. చెట్టు కింద మెకానిక్ దగ్గర పిల్లలు నేర్చుకునుడు ఆగింది. అందుకే ఇప్పుడు పాత బండి పోతే "మార్చాలె" అనేటోళ్లే ఎక్కువ, "విప్పి చూద్దాం" అనేటోళ్లు తక్కువ.

కాబట్టి మీ పాత కారు మిస్సింగ్ కొడితే ముందు ఈ వరుసల చూడండి.

మొదలు ఎయిర్ ఫిల్టర్. ఓపెన్‌కాస్టు దుమ్ము, టిప్పర్ల దుమ్ము మన రోడ్లకు తెలియంది కాదు. ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గి నల్లపొగ వస్తది, తిట్లు కార్బొరేటర్‌కు పడతయి.

రెండోది ప్లగ్గులు. మసి పట్టి నల్లగ ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగ కాలితే గాలి ఎక్కువ, లేత ఇటుక రంగుంటే పాళ్లు సరి. పాత బండ్లకు పాయింట్లు కూడా చూడాలె, కాలిపోయిన పాయింట్లు అచ్చం కార్బొరేటర్ రోగం లెక్కనే కనబడతయి.

మూడోది రబ్బరు పైపులు, కార్బొరేటర్ కింద గాస్కెట్. పగిలిన చోటునుంచి దొంగగాలి పోతే బండి స్లోల నిలబడది. నాలుగోది ట్యాంకుల తుప్పు, పెట్రోలు ఫిల్టర్. ఐదోది చోక్ సగంల ఇరుక్కున్నదా.

ఇవన్నీ అయినంకనే కార్బొరేటర్ విప్పండి. బయట, గాలి ఉన్న చోట, ఇంజన్ చల్లారినంక, బ్యాటరీ వైరు తీసి. దగ్గరల బీడీ కూడా ఉండొద్దు. గాలి స్క్రూ ఎన్ని చుట్లు తిప్పితే బిగుసుకుంటదో రాసుకొని తర్వాత తీయండి. గిన్నెల నీళ్లు, నలకలు ఉంటయి, తీసేయండి. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోలు శబ్దమొస్తే దానికి చిల్లు పడ్డట్టు. జెట్లను గాలి కొట్టి సాఫ్ చేయండి, ఇనుప తీగ పెట్టి పొడవకండి. బెర్తా పొడిచింది గొట్టాన్ని, జెట్టును కాదు. ఇత్తడి రంధ్రం ఒక వెంట్రుక మందం పెద్దదైనా పాళ్లు తప్పుతయి. గాస్కెట్లు, నీడిల్, డయాఫ్రం ఉన్న రిపేరు కిట్టు వేస్తే చాలా బండ్లు దారికొస్తయి. ఎక్సలేటర్ తిప్పే షాఫ్టు అరిగి లొడలొడ ఊగితే, లేదా బాడీ పగిలితే, అప్పుడు మార్చుడు గురించి మాట్లాడాలె. షాఫ్టుకు కూడా లేత్ మీద బుష్ కొట్టించొచ్చు.

ఇంకొక కొత్త సంగతి. 2023 నుంచి బంకులల్ల 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తున్నది. చెరుకు, నూకలు, మక్కలతోటి చేసేది. అంటే మన పంటే. కానీ ఇథనాల్ గాలిల తేమను పీలుస్తది, పాత రకం రబ్బరును పాడు చేస్తది. పాత బండి పెట్రోలు పైపులు మార్చేటప్పుడు ఇథనాల్‌ను తట్టుకునే రకం అడగండి. నెలల తరబడి ట్యాంకుల పెట్రోలు నిలవ ఉంచకండి.

ఇప్పుడు చేను కాడికి వద్దాం. కారు లేనోళ్ల ఇంట్ల కూడా కార్బొరేటర్ ఉన్నది. పెట్రోలు పవర్ స్ప్రేయర్ల, బ్రష్ కట్టర్ల, 2020కి ముందు కొన్న బైకుల చూడండి. పత్తికి మందు కొట్టుడు అయిపోంగనే స్ప్రేయర్‌ను అట్లనే మూలకు పెడతం. లోపల పెట్రోలు ఆరిపోయి జిగురై జెట్టు మూసుకుంటది. వానకాలం పురుగు వచ్చిన రోజు గుంజితే స్టార్ట్ కాదు, మూడు రోజులు షాపుల పడి ఉంటది. పురుగు మూడు రోజులు ఆగుతదా?

మీ ఊర్ల చెవితో విని ట్యూనింగ్ చేసే పాత మెకానిక్ ఇంకా ఉంటే, మీ పోరగాళ్లను నాలుగు ఆదివారాలు ఆయన దగ్గర కూసోబెట్టండి. ఆ పని తెలిసినోడు ఊర్ల ఒక్కడున్నా పది ఇండ్లకు ఆసరా. ఈసారి సీజన్ అయిపోంగనే స్ప్రేయర్ ట్యాంకుల పెట్రోలు తీసేసి, ఇంజన్ ఆగిపోయేదాక నడిపి, అప్పుడు మూలకు పెట్టండి.